తెఱమీది దుకాణము

సోదరీమణులలో కొందఱు తాము పెట్టిన ఊరుగాయలను, పొడులను, కుట్టుపనులను ఫోను తెఱమీద నమ్మదలచి, ఆ వెబ్‌సైటులో నేమేమి వ్రాయవలెనని మమ్ము నడిగియున్నారు. మాకు వ్యాపారము తెలియదు. కొనుట మాత్రము తెలియును. ఆ కొనుటలో పడిన పాట్లు కొన్ని, ఎమ్మిగనూరున కన్న సంగతి యొకటి యిచ్చట వ్రాయుచున్నాము.

ముందు మా పరాభవము. నిరుడు మా యాడుబిడ్డ సీమంతమునకై యొక వెబ్‌సైటులో చీర నొకదానిని జూచితిమి. అపురూపమని, రాజసమని, సంప్రదాయశోభ యని దానిని పొగడని పంక్తి లేదు. పొడవెంతయో లేదు. రవికెగుడ్డ గలదో లేదో లేదు. ఉదికిన రంగు నిలుచునా యనుమాట అసలే లేదు. నెమలికంఠపు రంగని తెఱమీద కనబడినది చేతికి వచ్చి విప్పిచూడగా నాచుపచ్చగా నుండెను, రవికెగుడ్డయు లేదు. తిరిగి పంపుటకు దారి యెచ్చటనో యని పుటలన్నియు వెదకితిమి. సంస్థ యధ్యక్షులవారి ఛాయాచిత్రము మాత్రము మూడుచోట్ల దొరికినది.

ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో బట్టలయంగడి కేగిన నిట్లు జరుగునా? గడప దాటగానే కూర్చుండబెట్టి, “పెండ్లికా అమ్మా, పెట్టుపోతలకా, కట్టుకొనుటకా?” యని యడుగుదురు. పెట్టుపోతలకన్న నొక దొంతర, కట్టుకొనుటకన్న వేఱొక దొంతర దిగును. తమ తాతగారు అంగడి పెట్టిన కథను ముందుగ చెప్పు వర్తకుని మే మింతవఱకు చూడలేదు. పిమ్మట మనము గుడ్డను బొటనవ్రేలితో నలిపి చూతుము, తిరుగవేసి చూతుము, వాకిటి వెలుతురులోనికి గొనిపోదుము. ఈ మూడును తెఱమీద చేయరాదు. కావున వ్రేలు చేయు పనిని అచ్చట మాట చేయవలసియున్నది.

చూడని సరకును కొనుట మనకు క్రొత్త కాదు. 1877లోనే యీ దేశపు తపాలావారు వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టిరి, కట్ట చేతికి వచ్చిన పిమ్మటనే పైకము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించి, సంగీతసభలలో దానిని ఊరకనే పంచిపెట్టిరని చెప్పుదురు. తలకు రాచుకొని చూచినవారికి వర్ణనతో నేమి పని?

ఇక ఎమ్మిగనూరు మాట. అచ్చట మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఆ యూర మా కెఱుకైన యొక నేతకుటుంబము గలదు. ఇంటి చిన్నకొడుకు పట్టణమున చదివి వచ్చి, తమ చీరల నమ్ముటకు వెబ్‌సైటు పెట్టించెను. అంతయు ఇంగ్లీషే. తెఱవగానే వంశచరిత్ర, తరువాత మగ్గముచెంత మామగారి బొమ్మ, చీరలు అడుగున. ఫోను దినమంతయు మ్రోగెడిది గాని కొనువారు తక్కువ. కొన్నవారిలోను కొందఱు తిరిగి పంపిరి. తిరిగివచ్చిన చీర రెండుమార్లు తపాలా కూలి తినును. మడతలు నలిగినదానిని మరల క్రొత్తదని యమ్మరాదు. దానికై దంపతు లిరువురును దినములకొలది గుంటమగ్గమున కూర్చుండిరి గదా, ఆ నష్టము వారి రాగుల డబ్బానుండియే పోవును. ఇంకొక యేడాది యిట్లే జరిగిన మగ్గము విప్పి కూలికి పోవుదుమని యా యింటి కోడలు మాతో ననెను. ఆమె పిల్లలు మావారి బడిలో చదువుకొనుచున్నారు.

మే మామెకు బడిపిల్లల నోటుపుస్తకము నొకదాని నిచ్చి, ఫోనులో నడిగిన ప్రతి ప్రశ్నను అడిగినవారి మాటలలోనే యొక నెల వ్రాసి పెట్టుమంటిమి. వారము తిరుగకమునుపే ఆమె నవ్వుచు వచ్చి, “అందురూ అదే అడుగుతాండ్రక్కా, రంగు పోతాదా అని!” యనెను. నెల ముగిసినపిమ్మట చూడగా, రంగు తరువాత పొడవు, రవికెగుడ్డ. ఆ తరువాత, శుక్రవారము నోమున కందునా, అందదా. ఇది మగ్గముదా, మిల్లుదా. ముసలి యత్తగారికి బరువగునా. వంశచరిత్ర నడిగినవా రొక్కరును లేరు.

క్రొత్తగ వ్రాయుపని మాపై పడినది. సిగ్గు విడిచి చెప్పుచున్నాము: మా మొదటి ప్రతి సమాసములతో నిండిపోయినది. చిన్ననాట ఇంటియొద్ద చదువుకొన్న కావ్యము లచ్చటికి వచ్చి కూర్చున్నవి. ఆ కోడలు చదివి, “ఇది చీర గురించేనా అక్కా?” యని యడిగెను. చించివేసి, ఆమె ఫోనులో చెప్పు జవాబులనే తెలుగున నట్లే యెత్తి వ్రాసితిమి. చీర 12 మూరలు, అనగా ఐదున్నర మీటర్లు. రవికెగుడ్డ వేఱుగ 80 సెంటీమీటర్లు, చీరతో కలిసియే యున్నది. నూలు 80 నంబరు. నంబరు పెరిగినకొలది నూలు సన్నము. ముదురెఱుపు మొదటి రెండుతుకులలో కొంచెము దిగును, చన్నీట విడిగా జాడింపవలెను.

ఈ కడపటి వాక్యముకడ ఇంట పెద్ద తగవు పుట్టినది. ఎవడైన తన సరకు లోపమును తానే చాటుకొనునా యని మామగారు. రంగు దిగినదని తిరిగివచ్చిన చీరలను కోడలు తెచ్చి యాయన ముందర పెట్టెను, ఏమియు ననలేదు. వాక్యము నిలిచినది. పిమ్మట ముదురెఱుపు కొనువారు కొంత తగ్గిన మాట నిజమే. రంగు దిగినదని తిరిగివచ్చిన చీర మాత్రము మాకు తెలిసినంతవఱకు లేదు. ఆయన చరిత్రను మేము తీసివేయలేదు, చీరల క్రిందికి దింపితిమి. మగ్గముచెంత నున్న యాయన బొమ్మ “ఇది మగ్గముదా?” యను ప్రశ్నకు జవాబు గనుక ఆ ప్రశ్నప్రక్కనే నిలిపితిమి. అందులకాయన సంతసించెను. చేనేతగుర్తును ప్రభుత్వమువారు 2006లో నేర్పఱచిరి. ఆ చీటి బొమ్మయు నచ్చటనే.

పుటలను జనులెట్లు చదువుదురో యని 1997లో జేకబ్ నీల్సన్ అను పండితుడు పరిశీలించి, నూటికి 79 మంది పైపైన కండ్లు పరుగెత్తింతురే గాని మాటమాట చదువరని తేల్చెను. పొయ్యిమీద పాలు పెట్టి ఫోను చూచు మనకు దీనికి సాక్ష్యమేల? కావున పొడవు, ధర, చేరు దినము మొదటనే యుండవలెను. బొమ్మలు పగటివెలుతురున తీయవలెను, చీర తిరుగువైపును చూపవలెను.

చట్టపుమాట యొకటి. 2020 నాటి వినియోగదారుల నియమముల ప్రకారము ఇట్లు వ్యాపారముగ నమ్మువారు తమ పేరు, చిరునామా, సరకు తిరిగి తీసికొను పద్ధతి, ఫిర్యాదు వినువారి పేరు పుటలో చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల తీర్పవలెను. తీర్పనిచో కొనువారు 1915 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఈ నియమము మా సీమంతపు చీరనాడు మాకు తెలియకపోయెను.

ఆ నోటుపుస్తక మిప్పటికిని వారి ఫోనుప్రక్కనే యున్నది. మొన్న కడపనుండి యొక పెద్దమ్మ, తమకు మడిచీర కావలెను, 18 మూరలది నేయుదురా యని యడిగినదట. ఒక్క చీరకై పడుగు వేఱుగ నమర్చుట వారికి గిట్టదు; నాలుగింటి కడిగిన నేయుదురు. ఆ వాక్యమును నిన్న సాయంకాలము చేర్చితిమి.