లైసెన్సు మరిచినా కోర్టు మరవదు

రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్‌లో శనివారం రాత్రి పార్టీ ముగించుకుని కారులో ఇంటికి బయల్దేరిన ఓ తెలుగు కుర్రాడు బ్రీత్ ఎనలైజర్‌కు దొరికిపోయాడనుకుందాం. కోర్టులో తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి బయటపడగానే అతను అనుకునేది ఒకటే: గొడవ వదిలింది. వదల్లేదు. హెల్మెట్ చలానాలా అక్కడికక్కడే డబ్బు కట్టి రాజీపడే వీలు తాగి నడిపిన కేసులో లేదు. మెజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే. అక్కడ తప్పు ఒప్పుకున్నాడంటే నేరం రుజువైనట్టే.

ఆ మచ్చ ఎన్నాళ్లుంటుంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం దీనికి రెండు జవాబులు ఇస్తోంది.

మొదటిది లైసెన్సుకు సంబంధించింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. రుజువైతే కనీసం ఆరు నెలలు డ్రైవింగ్‌కు అనర్హుణ్ని చేయాలి, ఆ వివరాలు లైసెన్సులో నమోదు చేయాలి. పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకున్నా మచ్చ వెంటే వస్తుంది. అయితే 25వ సెక్షన్ కాస్త దయ చూపింది. మూడేళ్లపాటు మరో నమోదు లేకుండా గడిపితే పాత లైసెన్సు అప్పగించి మచ్చలేని కొత్తది పొందవచ్చు. చట్టంలో రాసిన రుసుము ఐదు రూపాయలు! అనర్హత కాలాన్ని ఆ మూడేళ్లలో కలపరు కాబట్టి అసలు లెక్క మూడున్నరేళ్లకు తక్కువ కాదు. పైగా అది దానంతటదే జరగదు, అడిగి తీసుకోవాలి. డ్రైవింగే బతుకుతెరువైన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రెండో జవాబు కోర్టుది. ఒకప్పుడు ఇక్కడా మూడేళ్ల గడువే ఉండేది. తొలి నేరం జరిగిన మూడేళ్లలోపు మళ్లీ దొరికితేనే రెండో నేరం కింద రెండేళ్ల వరకూ జైలు. 2019 సవరణ జరిమానాను తొలిసారికి 10,000, ఆ తర్వాత 15,000 రూపాయలకు పెంచింది. అప్పట్లో చర్చంతా ఆ అంకెల చుట్టూనే తిరిగింది. అదే సవరణ 'మూడేళ్లలోపు' అన్న షరతును చడీచప్పుడు లేకుండా తీసేసింది. అంటే పాతికేళ్ల వయసులో ఒకసారి, నలభై అయిదో ఏట మరోసారి పట్టుబడితే అది రెండో నేరమే. మధ్యలో లైసెన్సు ఎంత శుభ్రంగా ఉన్నా సరే. కఠినంగా ఉండటంలో తప్పులేదు. కానీ ఇరవై ఏళ్లకు ఒకసారి తప్పిన వాణ్ని, ప్రతి వారం తాగి నడిపేవాణ్ని ఒకే గాటన కట్టడం సబబేనా?

ఊరు మారితే సరిపోతుందన్న ధీమా కూడా పనికిరాదు. లైసెన్సులకు జాతీయ రిజిస్టర్ ఉండాలని అదే సవరణ చెప్పింది. విదేశాల్లో లెక్కలు ఇంకా పెద్దవి. బ్రిటన్‌లో ఈ నేరం లైసెన్సు మీద 11 ఏళ్లుంటుంది. కాలిఫోర్నియాలో పదేళ్లలోపు మళ్లీ పట్టుబడితే శిక్ష పెరుగుతుంది.

అమెరికా అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది వీసా. దరఖాస్తులో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి ఏళ్ల పరిమితి లేదు. మచ్చలేని కొత్త లైసెన్సు జేబులో పెట్టుకున్న శంకర్ నగర్ కుర్రాడు అక్కడ 'లేదు' అని నింపితే అది అబద్ధం. బయటపడితే ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే శాశ్వతంగా పోవచ్చు.