చూచితిమి గదా, చదువనేల?

"యోగి వేమన" చిత్రమును చూచినవారికి వేమన పద్యములతో పనిలేదని కొందఱందురు. ఇది సోమరుల వాదము. 1947లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన యా చిత్రమున నాగయ్యగారి నటన మనచే కంటతడి పెట్టించును. అన్నకూతురి మరణముతో భోగి యోగియగుట చూచి, కన్నులు తుడుచుకొని యింటికి పోవచ్చును. పద్యము మనల నట్లు పోనీయదు. కులమును, విగ్రహారాధనను, దంభమును గూర్చి మనలనే నిలదీయును.

ఆ పద్యములను బ్రౌను 1829లో అచ్చొత్తించెను. కడపలో ఆయన బంగళా యుండిన చోటనే నేడాయన పేరిట గ్రంథాలయము గలదు. గ్రంథాలయములు బీరువాలకు కావలి కాయుటతో తృప్తిపడరాదు. చిత్రమును ప్రదర్శింపుడు, మఱునాడే ఇంటిల్లిపాదిని పిలిచి పద్యములు చదివింపుడు, తెరపై నేది నిలిచెనో, ఏది జాఱెనో చర్చింపుడు. అంతవఱకు మన గ్రంథాలయములు పుస్తకముల కొట్టుగదులే.