పెద్దల కాగితం విడాకులు కాదు

భిలాయ్ ఉక్కు కర్మాగార నిర్మాణానికి సోవియట్ యూనియన్‌తో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 1955లో. పార్లమెంటు హిందూ వివాహ చట్టాన్ని ఆమోదించినది కూడా ఆ సంవత్సరమే. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది. పిమ్మట ఆ కర్మాగారపు పట్టాలు దేశమంతటా పరచబడినవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు ఉక్కు పనికి, చరోదా మార్షలింగ్ యార్డు పనికి తరలివచ్చి అక్కడనే స్థిరపడినవి. అయితే పట్టాలు చేరినంత త్వరగా వారి వద్దకు చట్టం చేరలేదు. నేటికీ భార్యాభర్తలకు పొసగనప్పుడు మనవారిలో అనేకులు పోయేది దుర్గ్‌లోని కుటుంబ న్యాయస్థానానికి కాదు, కుల పెద్దల వద్దకు. అక్కడ తగువు తెగుతుంది. స్టాంపు కాగితంపై నాలుగు వాక్యాలు వ్రాసి, ఇరుపక్షాలచేత సంతకాలు చేయించి, నోటరీ ముద్ర వేయించి పంపుతారు. సాక్షులుగా సంతకాలు చేసేవారిలో యూనియన్ శాఖల నాయకులు కూడా ఉంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని ఉద్దేశించినది.

పెద్దలను ఎగతాళి చేయడం నా అభిమతం కాదు. అగ్రవర్ణాల స్త్రీకి విడాకుల మాటయే లేని రోజులలో శ్రమజీవుల కులాలలో మారుమనువు ఉన్నది, ఓలి తిరిగి ఇచ్చి తెగతెంపులు చేసుకొనే ఆచారం ఉన్నది. 1949లో మద్రాసు రాష్ట్రం ద్విభార్యా నిషేధ, విడాకుల చట్టం చేసేవరకు కోస్తా జిల్లాలలో పెద్దల మాటే దిక్కు. 1955 చట్టం సైతం ఆచారాన్ని త్రోసిపుచ్చలేదు. ఆచారసిద్ధమైన విడాకుల హక్కును దాని 29వ సెక్షను కాపాడినది. పెద్దలు తరచు పట్టుకొని చూపేది ఈ సెక్షనునే. కాని ఆచారం ఉన్నదని చెప్పినంత మాత్రాన చాలదు. తమ కులంలో అది చిరకాలంగా, ఎడతెగకుండా నడుస్తున్నదని కోర్టులో ప్రత్యేకంగా ప్రతిపాదించి, సాక్ష్యంతో రుజువు చేయాలి. యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ మాటే చెప్పినది. నోటరీ ముద్ర ఆ రుజువు కాదు. అది సంతకం ఎవరిదో చెబుతుందే గాని వివాహం రద్దయినదని చెప్పదు.

ఉద్యోగి బ్రతికి ఉన్నంతకాలం ఆ కాగితాన్ని ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్న పెన్షను విభాగం గుమ్మం వద్ద పుడుతుంది. ఒక గ్యాంగ్‌మన్‌ను ఊహించుకొనండి. మొదటి భార్యతో పెద్దల ఎదుట తెగతెంపులు చేసుకొని, మరొకరిని వివాహమాడి, ఇరువది ఏండ్లు కాపురం చేసి చనిపోయినాడు. పెన్షను కాగితాలతో ఇద్దరు స్త్రీలు వస్తారు. కోర్టు డిక్రీ గాని, రుజువైన ఆచారం గాని లేనందున చట్టం దృష్టిలో మొదటి వివాహం చెక్కుచెదరలేదు. రెండవ వివాహం చెల్లదు. ఇరువది ఏండ్లు అతని డ్యూటీ వేళలకు అన్నం వండిన స్త్రీకి కుటుంబ పెన్షను లేదు. ఆమె పిల్లలకు మాత్రం వాటా ఉన్నది. బీహారు ప్రభుత్వోద్యోగి ఒకరి కుటుంబానికి సంబంధించిన రామేశ్వరీ దేవి కేసులో సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో చెప్పినది ఇదియే. ఇక ఆ ఉద్యోగి బ్రతికి ఉండగానే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే సంగతి మరొక విధంగా ఉండేది. 1964 కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోను, 1966 రైల్వే నియమావళిలోను 21వ నియమం ఒకటే చెబుతున్నది: భార్య ఉండగా మరొక వివాహం కూడదు. ఉద్యోగమే పోవచ్చును.

కుమార్తెల విషయం ఇంకను బాధాకరమైనది. తండ్రి మీద ఆధారపడిన విడాకులు పొందిన కుమార్తెకు, ఇతర షరతులకు లోబడి, కుటుంబ పెన్షను అర్హత ఉన్నది. కేంద్ర పెన్షను శాఖ 2017 జూలై 19 నాటి ఉత్తర్వులో మరొక సౌకర్యం కల్పించినది. తల్లిదండ్రులలో ఒకరైనా జీవించి ఉండగా విడాకుల కేసు కోర్టులో దాఖలై ఉంటే, డిక్రీ వారి మరణానంతరం వచ్చినా చెల్లుతుంది. కేసు దాఖలై ఉండాలి, పంచాయితీ జరిగి ఉంటే చాలదు. అదే విధంగా 2024 జనవరి 1 నాటి ఉత్తర్వు ప్రకారం, విడాకుల కేసు నడుస్తున్న మహిళా ఉద్యోగి కుటుంబ పెన్షనుకు భర్త కంటె ముందుగా తన పిల్లలను ఎంచుకోవచ్చును. ఇక్కడ కూడా చూసేది కేసు నంబరునే.

ఇదివరకే పెద్దల కాగితం పుచ్చుకున్నవారు నిరాశ చెందనవసరం లేదు. ఇరువురూ బ్రతికి ఉండగానే తమ వైవాహిక స్థితిని ప్రకటించవలసినదిగా కుటుంబ న్యాయస్థానాన్ని కోరవచ్చును. ఆచారానికి సాక్ష్యం చెప్పగల ముసలివారు ఇంకను ఉన్నప్పుడే ఆ పని చేయాలి.

షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదు. క్రైస్తవ, ముస్లిం సోదరులకు చట్టాలు వేరు. తక్కినవారికి పిటిషను ఎక్కడ వేయాలన్నది మొదటి ప్రశ్న. వివాహం జరిగిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట, దంపతులు చివరిసారి కలిసి ఉన్న చోట వేయవచ్చును. 2003 సవరణ తరువాత భార్య తాను ఉన్న చోటనే వేసుకోవచ్చును. మనవారికి ఇది చిన్న సంగతి కాదు. పెండ్లి టెక్కలి వద్ద జరిగి, కాపురం చరోదా క్వార్టరులో సాగి, తగాదా వచ్చిన పిమ్మట భార్య పుట్టింటికి చేరి ఉంటుంది. భర్త దుర్గ్‌లో కేసు వేస్తే ఆమె ప్రతి వాయిదాకు ఇంత దూరం రావాలా? రాష్ట్రం నుండి రాష్ట్రానికి కేసు మార్చమని సుప్రీంకోర్టును కోరే హక్కు ఆమెకు ఉన్నది. అందుకు అక్కడి న్యాయ సేవల కమిటీ సహాయం కూడా పొందవచ్చును.

సమను తపాలాలో వస్తే పుచ్చుకొనకుండా తిప్పిపంపేవారు ఉన్నారు. కవరుపై ‘తిరస్కరించినారు’ అని వ్రాసే పోస్టుమన్ సోదరునికి ఆ మాట బరువు తెలియాలి. తిరస్కరించిన సమను అందినట్లే కోర్టు పరిగణిస్తుంది. పిమ్మట వచ్చేది ఏకపక్ష డిక్రీ.

కొన్ని నోటీసులు విడాకులు కోరవు, కాపురానికి రమ్మంటాయి. అది 9వ సెక్షను. సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినారు. మరుసటి సంవత్సరం సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చినది. నా దృష్టిలో న్యాయం చౌదరి గారి పక్షాననే ఉన్నది. కాని డిక్రీ వచ్చి ఏడాది పాటు కాపురం సాగకపోతే అదే విడాకులకు కారణమవుతుంది గనుక, ఆ నోటీసును ప్రేమలేఖగా చదువుకొని ఊరుకోరాదు.

ఇక న్యాయవాది సంగతి. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం వకీలును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదు, కోర్టు అనుమతితో జరిగేది. శాఖాపరమైన విచారణలు ఎరిగిన మనకు ఇది వింత కాదు. అనుమతి ఆచరణలో లభిస్తూనే ఉన్నది. నా సలహా ఏమనగా, ప్రతి దినం దుర్గ్ కోర్టులో కనిపించే న్యాయవాదినే ఎంచుకోవాలి. దూరాన ఉన్న పేరుమోసిన వకీలును పెడితే వాయిదా నాడు ఆయన జూనియరు వచ్చి మరొక వాయిదా పుచ్చుకొని పోతాడు. కాగితాలు హిందీలో ఉంటాయి. ముప్పది ఏండ్లుగా హిందీ ధారాళంగా మాట్లాడుతున్న మనిషికి సైతం కోర్టు హిందీ కొరుకుడు పడదు. తెలుగులో అర్థం చెప్పించుకొనకుండా వకాలత్‌నామాపై గాని, ప్రమాణపత్రంపై గాని సంతకం పెట్టరాదు. ఖాళీ కాగితంపై అసలే పెట్టరాదు. ఫీజు ఏ దశకు ఎంతో ముందుగా వ్రాయించుకోవాలి. గెలిస్తే ఇంత అని బేరమాడడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అసలు పత్రాలు ఇంటనే ఉంచుకొని నకళ్ళు ఇవ్వాలి. న్యాయవాది వద్ద ఏదీ దాచరాదు, ముఖ్యంగా రెండవ కాపురం ఉంటే.

ఫీజు భరించలేనివారికి జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఉన్నది. 1987 చట్టం క్రింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆ చట్టం 12వ సెక్షనులో పారిశ్రామిక కార్మికుడు అన్న మాట కూడా ఉన్నది. ఉక్కు నగరంలో ఆ మాటను ఎందరు వినియోగించుకున్నారో శాఖలు విచారించాలి.

ఇరువురికీ సమ్మతమైతే మార్గం సులభం. 1976లో చేర్చిన 13-బి సెక్షను ప్రకారం ఏడాది విడిగా ఉన్న దంపతులు కలిసి పిటిషను వేయవచ్చును. ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భాలలో కోర్టు సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. పెద్దలు కుదిర్చిన ఒప్పందాన్ని ఈ పిటిషనులోనికి తెస్తే వారి శ్రమ వృథా కాదు. డిక్రీ వచ్చేవరకు ఇరువురిలో ఎవరైనా సమ్మతిని ఉపసంహరించుకోవచ్చునని మరువరాదు.

భరణం విషయంలో మన ఉద్యోగులు చేసే పొరపాటు జీతం దాచవచ్చుననుకోవడం. 2020 నాటి రజ్నేష్ కేసు తీర్పు తరువాత ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయ వివరాలు ప్రమాణపూర్వకంగా ఇవ్వాలి. భరణం దరఖాస్తు చేసిన తేదీ నుండియే లెక్కకు వస్తుంది. భరణం డిక్రీ అమలులో జీతంలో మూడింట ఒక వంతుకు మాత్రమే జప్తు నుండి రక్షణ ఉన్నది. మెజిస్ట్రేటు అధికారంతో ఇచ్చిన భరణపు ఉత్తర్వు అయితే, ఎగవేసినవారికి జైలు కూడా ఉన్నది. నలుబది ఎనిమిది గంటలు మించి నిర్బంధంలో ఉన్న ప్రభుత్వోద్యోగి సస్పెండయినట్లే. నెలకు కొంత చెల్లించడం కష్టమన్న మనిషి నెల జీతమే పోగొట్టుకుంటాడు.

డిక్రీ రాగానే మరొక పెండ్లికి తొందరపడరాదు. అప్పీలు గడువు ముగియాలి, బిలాస్‌పూర్ హైకోర్టులో అప్పీలు పడితే అది తేలాలి. డిక్రీ నకలును కార్యాలయంలో దాఖలు చేసి కుటుంబ వివరాలు, నామినేషన్లు, వైద్య కార్డు, రైల్వేవారైతే పాసు పేర్లు మార్పించుకోవాలి.

శాఖా కార్యదర్శులకు నా ప్రతిపాదన ఒకటే. సాక్షి సంతకం కోసం స్టాంపు కాగితం తెచ్చిన సభ్యుని, అతని భార్యను కూడా, దుర్గ్ న్యాయ సేవల కార్యాలయానికి పంపండి. మొదటి వాయిదాకు, హిందీ చదవగల తెలుగు కార్యకర్త ఒకరు ఒక దినం సెలవు పెట్టి వారి వెంట పోవాలి.