ఉమీద్‌లో ఎక్కించాం సరే, రెవెన్యూ రికార్డులో ఏముంది?

వక్ఫ్ ఆస్తులను కేంద్రం తెచ్చిన ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేసే ఆరు నెలల గడువు 2025 డిసెంబర్ 6తో ముగిసింది. సుప్రీంకోర్టు గడువు పెంచలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. పాత వామ్సి రికార్డుల్లో దేశమంతటా సుమారు 8.72 లక్షల ఆస్తులుంటే, గడువు నాటికి ఉమీద్‌లో నమోదు మొదలైనవి 5.17 లక్షలు. ఆమోదం పొందినవి సుమారు 2.17 లక్షలే.

నమోదైన వాళ్లు 'హమ్మయ్య' అనుకుంటున్నారు. కానీ పని సగమే అయింది. ఒకే ఖబరస్తాన్ వివరాలు ఉమీద్‌లో ఒకచోట, రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్‌లో ఇంకోచోట, సబ్ రిజిస్ట్రార్ దగ్గర 22ఎ నిషేధిత జాబితాలో మరోచోట ఉంటాయి. ఒకచోట మారిస్తే మిగతా చోట్ల అదే మారిపోతుందని అనుకోవద్దు.

బ్యాంకులో మన ఖాతా రెండు సర్వర్లలో ఉన్నా లెక్క తప్పదు. ఎందుకంటే ఖాతా నంబర్ రెండుచోట్లా ఒకటే. మన భూములకు వచ్చిన చిక్కల్లా అక్కడే.

చోడవరాన్నే తీసుకోండి. పాత గెజిట్లు, దస్తావేజుల్లో అది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ పోయి ఎల్‌పీఎం నంబర్ వచ్చింది. గెజిట్‌లో ఒక నంబర్, వెబ్‌ల్యాండ్‌లో ఇంకో నంబర్! రేపు ఎవరైనా ఆ భూమిని అమ్మకానికి తెస్తే, సబ్ రిజిస్ట్రార్ చూసేది తన జాబితానే. అందులో కొత్త నంబర్ లేకపోతే ఆపేదెవరు?

అందుకే ముతవల్లీలు, జమాత్ పెద్దలు గెజిట్ నకలు, ఉమీద్ ప్రింట్, అడంగల్, ఈసీ పక్కపక్కన పెట్టి చూడాలి. జిల్లా, గ్రామం, నంబర్, విస్తీర్ణం, పేరు కలుస్తున్నాయా? తేడా ఉంటే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి.

భారమంతా ముతవల్లీల మీదే వేయడం న్యాయం కాదు. వక్ఫ్ బోర్డు, రెవెన్యూ శాఖ కలిసి గ్రామాలవారీగా పాత, కొత్త నంబర్ల పట్టిక తయారు చేసి మసీదుల్లో పెట్టాలి. అప్పటిదాకా ఏడాదికోసారైనా ఈ కాగితాలు సరిచూసుకోవడం మన పనే. మన పెద్దలు నిద్రిస్తున్న నేల అది.