ప్యాకేజీ చూసి చేసుకుని, ఉద్యోగం మానెయ్యమంటే ఎలా?

ఈ రోజు మిర్చి రేటు గురించి కాదు, మన ఇళ్లలో ఆడపిల్లల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి రాస్తున్నా. కొంతమందికి కోపం రావచ్చు. వచ్చినా చివరిదాకా చదవండి.

మన పల్లెల పిల్లలు అక్కడిదాకా ఊరికే పోలేదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు. సర్కారు బడి పిల్లలకి కాస్త మార్కులు కలిపారు కూడా. కోచింగులకి డబ్బుల్లేని కౌలు రైతు కూతురు కూడా ఇంజనీరు అయ్యింది. ఇవాళ మన దేశంలో ఐటీ ఉద్యోగులు ముగ్గురుంటే అందులో ఒకరు, ఇంచుమించుగా, ఆడమనిషే.

మరి మనం చేసేదేంటి? పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న "అమ్మాయి ప్యాకేజీ ఎంతండీ?" కట్నం బేరం కూడా దాన్ని బట్టే (ఆ లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో!). తీరా బిడ్డ పుట్టాక "ఇంక చాల్లేమ్మా, మానెయ్" అంటాం. 2017లో చట్టం మార్చి జీతంతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు, మొదటి ఇద్దరు పిల్లలకి. 50 మంది పైన పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. కంపెనీలన్నీ ధర్మప్రభువులని నేననను. కానీ చట్టం నిలబెట్టిన ఉద్యోగాన్ని మనమే మాన్పిస్తే ఎవర్ని అడగాలి?

ఇంకోటి, రాత్రి షిఫ్టు. అమెరికా వాళ్లకి పగలైతే మనకి రాత్రి, అంతే సంగతి. రాత్రి కరెంటు ఇచ్చిన రోజుల్లో మనం టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి మోటారు వెయ్యడానికి పోలేదా? మనల్ని ఎవరైనా వేలెత్తి చూపించారా? అదే ఆడపిల్ల తెల్లారుజామున కంపెనీ బండి దిగితే అరుగు మీద గుసగుసలు.

ఇంటి నుంచి పనిచేసే కోడళ్ల బాధ వేరు. "ఇంట్లోనే ఉందిగా" అని టీ పెట్టమంటాం, చుట్టాలొచ్చారు బయటికి రమ్మంటాం. మీరు మందు కొడుతుంటే, ట్యాంకు సగంలో ఉండగా, పాలు తెమ్మని ఎవరైనా పిలుస్తారా?

బీడు పెట్టిన చేను రెండు దుక్కులకి దారికొస్తుంది. ఈ ఉద్యోగం అలా కాదు. నాలుగేళ్లు మానితే పని పద్ధతులే మారిపోతాయి, మళ్లీ ఎక్కడం చాలా కష్టం. పంట పోయిన ఏడాది బ్యాంకు వడ్డీ ఎవరి జీతంతో కట్టారో ఒకసారి మీ ఇళ్లలో గుర్తుచేసుకోండి.

ఈ వేసవిలో సంబంధాలు చూసే ఆడపిల్లల తండ్రులకి ఒకటే చెబుతా. ఎకరాలు తర్వాత అడగండి. పిల్ల పుడితే ఎవరు చూసుకుంటారు, అబ్బాయి ఏం పని అందుకుంటాడు, అది ముందు అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే తాంబూలాలు పుచ్చుకోకుండా లేచి వచ్చెయ్యండి.