మీటరు ఎవరి పేరున ఉంది?

కొత్త ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, వంటగది చూస్తాం. మెట్ల కింద కరెంటు మీటరు జోలికి మాత్రం పోం. మేమూ పోలేదు.

బెంగళూరులో మా ఫ్లాటు గృహప్రవేశం ముచ్చటగా జరిగింది. నెల తిరిగేసరికి మా వంతు కరెంటు బిల్లు చూసి మావారు కుర్చీలో కూలబడ్డారు. అపార్టుమెంటు మొత్తానికీ ఒకటే మీటరు, అదీ బిల్డరు పేరున! కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షను అది. మామూలు ఇళ్ళ రేటు కంటే దాని రేటు ఎక్కువ. పాలిష్ మిషన్లు తిప్పిన పాత బాకీ కూడా మా నెత్తినే పడింది. సొంత మీటరు వచ్చేసరికి మూడు నెలలు పట్టింది.

అందుకే ఈ నాలుగు మాటలు. ముందుగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. అలాంటి పత్రం చూపితేనే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ ఫ్లాటుకు వేరే మీటరు ఉందా, బెస్కాం బిల్లు మీది ఆర్.ఆర్. నంబరు దానిదేనా సరిచూసుకోండి. తాళాలు అందుకునే రోజున రీడింగు రాసి, బిల్డరు చేత సంతకం పెట్టించండి. కరెంటు బాకీ, నీటి బాకీ తీర్చిన రసీదులు చేతికొచ్చాకే ఆఖరి చెక్కు ఇవ్వండి. రిజిస్ట్రేషన్ కాగానే మీటరు పేరు మార్పిడికి అర్జీ పెట్టండి.

ముహూర్తం పంతులుగారు చూస్తారు. మీటరు మనమే చూసుకోవాలి.