సరిహద్దు దాటని ఉపశమన వైద్యం

నయం కాని జబ్బుతో ఉన్న మనిషికి నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్ల బాధ తగ్గించడం, ఆ మనిషిని చూసుకుంటున్న ఇంటివాళ్ళకు ఆసరాగా నిలవడం ఉపశమన వైద్యం పని. ఇది క్యాన్సర్‌కే పరిమితం కాదు. పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం, గుండె నీరసం, ముసలితనంలో వచ్చే మతిమరుపు కూడా దీని పరిధిలోవే. చివరి రోజుల్లో రోగిని ఉంచుకొని చూసే కేంద్రం హాస్పిస్. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ ఆధునిక హాస్పిస్‌లకు మాతృక. మన దేశంలో మొదటిది 1986లో ముంబైలో మొదలైన శాంతి ఆవేదన సదన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఈ వైద్యం అవసరం కాగా, అందుతున్నది 14 శాతం మందికే.

ఈ సేవ దగ్గర్లో ఎక్కడుందో వెతుక్కోవడం వేలూరు, గుడియాత్తం ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. ఇప్పుడవి రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి: మొదటి రెండూ ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాతి రెండూ తమిళనాడులో. వైద్యం విషయంలో మాత్రం ఆ విభజనను జనం పట్టించుకోలేదు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వాళ్ళకు పెద్ద జబ్బంటే నేటికీ వేలూరే, వేలూరంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రే. ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రికి బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తున్నారు. ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ సరిహద్దు అడ్డురాదు. “ఇక ఇంటికి తీసుకెళ్ళండి” అన్న రోజునే అది కనబడుతుంది.

ఉపశమన వైద్యం ఎక్కువ భాగం ఇంట్లోనే జరగడం అందుకు కారణం. పక్కపుండు కడగాలి, ముక్కులోని గొట్టం మార్చాలి, పొట్టలో చేరిన నీరు తీయాలి, మాత్రల మోతాదు సరిచూడాలి. నర్సు బృందం ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే దాని పరిధి. సీఎంసీలో రేడియోథెరపీ విభాగం వైద్యురాలు రీనా జార్జ్ వంటివారి చొరవతో ఎదిగిన ఉపశమన వైద్య విభాగం ఉంది. ఔట్‌పేషెంట్లను చూడటంతో పాటు పట్టణం చుట్టుపక్కల ఇళ్ళకూ దాని బృందం వెళుతుంది. కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్ళే దారిలో, కె.వి.కుప్పంలో 1977 నుంచి పనిచేస్తున్న ‘రుషా’ అదే సంస్థకు చెందిన గ్రామీణ ఆరోగ్య కేంద్రం. గుడియాత్తం వైపు కుటుంబాలు వేలూరు దాకా పోకముందే అడిగి చూడదగిన చోటు అది. వీటికి తోడు తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువమ్’ పథకం ప్రారంభించింది. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చివ్వడంతో పాటు మంచాన పడినవారికి ఉపశమన సేవ, ఫిజియోథెరపీ కూడా అందులో భాగమే. గుడియాత్తంలోని తెలుగు కుటుంబం దీన్ని అందుకోవాలంటే వీధిలోకి వచ్చే ఆరోగ్య కార్యకర్తకో, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో చెప్పి పేరు రాయించాలి. అడగనివారి పేరు జాబితాలోకి ఎక్కదు.

కొండ దాటి పలమనేరు వైపు వెళితే కథ మారుతుంది. పూర్తిగా మంచాన పడినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 15 వేల రూపాయల పింఛను ఇస్తోంది, తమిళనాట అంత మొత్తం ఊహించలేం. అయితే డబ్బు చేతికి రావడం వేరు, పుండు కడిగే నర్సు గుమ్మంలోకి రావడం వేరు. వేలూరులో చికిత్స పొందిన చిత్తూరు జిల్లా రోగి ఇంటికి చేరాక వేలూరు బృందానికి దూరమవుతాడు. సొంత జిల్లా ఆసుపత్రిలో అతని జబ్బు చరిత్ర తెలిసినవారుండరు.

అన్నిటికంటే ముందు ఎదురయ్యేది మార్ఫిన్ సమస్య. క్యాన్సర్ ముదిరాక వచ్చే నొప్పికి మామూలు మాత్రలు చాలవు. తీవ్రతను బట్టి మందు పెంచుకుంటూ పోయే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. అందులో పై మెట్టు మార్ఫిన్. ఖరీదైన మందేమీ కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్‌కు మూలమైన గసగసాల పంటను ప్రభుత్వ లైసెన్సుతో పండించే దేశం మనది. అలాంటి చోట నొప్పితో అరిచే రోగికి ఆ మాత్ర దొరక్కపోవడానికి కారణం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సుల చిక్కుముడి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఒకే అనుమతితో నిల్వ ఉంచుకొనే వీలు కల్పించారు. అయినా ఊళ్ళోని మందుల షాపులో దొరుకుతుందని ఆశించలేం. మాత్రలు అయిపోవడానికి వారం ముందే తర్వాతి విడత ఎక్కడ తీసుకోవాలో తెలిసి ఉండాలి. అలవాటు పడిపోతారన్న భయంతో ఇంటివాళ్ళే మోతాదు తగ్గించడం సర్వసాధారణం. వైద్యుడు చెప్పిన లెక్కన నొప్పికి వాడితే ఆ భయానికి ఆధారం చాలా తక్కువ. మలబద్ధకం మాత్రం తప్పదు కనుక విరేచనపు మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి.

మార్ఫిన్ కన్నా మొండి సమస్య ఇంట్లోని మౌనం. “ఆయనకు చెప్పొద్దు డాక్టరుగారూ” అని కొడుకు వైద్యుణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి వేడుకోవడం ఈ ఆసుపత్రుల్లో రోజూ కనబడేదే. ప్రేమతోనే అంటారు, కాదనలేం. కానీ రోగికి చాలాసార్లు విషయం అర్థమయ్యే ఉంటుంది. ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ఉండగానే కాలం గడిచిపోతుంది. పొలం పట్టా, బాకీల లెక్క, చూడాలనుకున్న చెల్లెలు, అన్నీ ఆగిపోతాయి. ఉపశమన వైద్యం తెలిసిన నర్సు మొదట చేసే పని ఏకరువు పెట్టడం కాదు, “మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?” అని రోగినే అడగడం. రోగి ఎంత తెలుసుకోదలిస్తే అంతే చెప్పాలి. బయట తమిళంలో చక్కగా మాట్లాడే గుడియాత్తం ముసలమ్మ కూడా ఈ ప్రశ్నకు జవాబు తెలుగులోనే చెప్పుకోగలదు. ఆ మాట ఆసుపత్రికి ముందే చెబితే తెలుగు వచ్చిన నర్సును పంపే వీలుంటుంది.

వెంటిలేటర్ వద్దనుకునేవారికి చట్టంలో దారి ఉంది. ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకొనే ముందస్తు వైద్య నిర్దేశానికి సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తింపునిచ్చి, 2023లో పద్ధతిని సులభం చేసింది. ఆ పత్రానికి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.

ఇక మరణం తర్వాత. పెద్దకర్మ దాకా ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది. ముస్లిం ఇళ్ళలో నలభయ్యో రోజు, క్రైస్తవుల ఇళ్ళలో ప్రార్థన కూటాలు అదే పని చేస్తాయి. ఈ ఆచారాలను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఏడ్వడానికి ఒక చోటు, ఒక సమయం ఇచ్చేవి అవే. వాటికి అందనిది ఆ తర్వాతి కాలం. ఏడాది పొడవునా మంచం పక్కనే గడిపిన కోడలికి పనీ నిద్రా రెండూ తప్పిపోతాయి, అయినా ఆమెను పరామర్శించేవారుండరు, చుట్టరికం వరసలో ఆమె దుఃఖం చివరిది. చాలామంది దుఃఖం నెలల్లో నెమ్మదిస్తుంది. ఆరు నెలలు దాటినా అన్నం, నిద్ర, పని కుదుటపడకపోతే వైద్య సాయం తీసుకోవాలి. 14416 నంబరులోని మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ తెలుగులోనూ తమిళంలోనూ ఉచితంగా మాట్లాడుతుంది. వేలూరు బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్య కేంద్రం 1950ల నుంచే ఇంటివాళ్ళను చికిత్సలో భాగం చేసిన చోటు. బతుకుతెరువు కూడా దుఃఖంలో భాగమే. వితంతు పింఛను ఆంధ్రాలో నెలకు 4,000, తమిళనాట 1,200. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించకపోతే ఆ కాగితాల పని జాప్యమవుతుంది. ఇంట్లో పోయినవారి విషయంలో ఈ ఆలస్యం మరీ ఎక్కువ.

ఉపశమన వైద్యాన్ని ఇంటిదాకా చేర్చడానికి నమూనాలు దూరంలో లేవు. కేరళ 2008లోనే ఉపశమన వైద్య విధానం ప్రకటించి పంచాయతీలను భాగస్వాములను చేసింది. తెలంగాణ చేవెళ్ళతో మొదలుపెట్టి జిల్లాలకు కేంద్రాలను విస్తరించింది. చిత్తూరు జిల్లాకు కావలసింది ముందుగా రెండే: జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ నిల్వకు అనుమతి, వేలూరు నుంచి ఇంటికి పంపే ప్రతి రోగి వివరాలనూ అందుకొని మర్నాడే ఫోన్ చేసే ఒక నర్సు. ఈ రెండింటికీ కొత్త చట్టమేదీ అక్కర్లేదు. చిత్తూరు కలెక్టరూ వేలూరు కలెక్టరూ కూర్చొని మాట్లాడుకుంటే చాలు. రెండు కార్యాలయాల మధ్య దూరం గంట ప్రయాణం.